దొంగదారి మీద నా మాట

బస్సు డిపో వెనక, రేకుల వరసలో నాలుగో ఇల్లు
సెప్టెంబరు మూడు

శనాదివారాల నడక సంఘం పెద్దలకు,

నన్ను చీపుళ్ళ పెద్దమ్మ అంటారు. వయసు డెబ్భై నాలుగు, ఒకటి అటూ ఇటూ. ఇంట్లో ముగ్గురం: నేను, డిపోలో బస్సులు బాగుచేసే నా కొడుకు, జిరాక్స్ షాపులో పనిచేసే నా కోడలు. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది కోడలు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. దాని చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. చేతివంట సంగతి అడగొద్దు. అది కూడా రాయమన్నాను.

(రాశాను. - కోడలు)

సంగతి ఏమిటంటే, మీరు నవంబరులో కొండెక్కుతున్నామని కాగితం అచ్చు వేయించుకున్నారు. వేసింది మా కోడలి షాపులోనే. సిరా పాకి పాడైన కాపీ ఒకటి ఇంటికి తెచ్చి అలమరలో పరుస్తుంటే, "ఏముందే అందులో" అన్నాను. చదివింది. శనివారం పొద్దున్నే బయలుదేరి అడవిలోంచి మొదటి కోట. సాయంత్రానికి రెండో కోట, అక్కడే గుడారాలు. ఆదివారం మంచు విడవకముందే 'దొంగదారి' మెట్లెక్కి మూడో కోటలో సూర్యోదయం. మొత్తం ముప్పై ఎనిమిది మంది, అందులో పిల్లలు తొమ్మిది మంది.

అక్కడ నేను కడుతున్న చీపురు పక్కన పెట్టాను.

నా కేసు ఇది. దొంగదారిన ఎవరూ ఎక్కకూడదు. అది కోటకి పోదు. ఆ కొండ మీద నలభై ఏళ్ళు చీపురుగడ్డి కోసినదాన్ని, తెలిసే చెబుతున్నాను. కాగితం మార్చండి. మార్చకపోతే ఆ శనివారం కొండ మొదట్లో అడ్డంగా కూర్చుంటాను, నన్ను దాటి వెళ్ళాలి. నేను సన్నటి మనిషిని కాను.

ఇంకో సంగతి. ఇది కేసులోది కాదు, ఊరికే అడుగుతున్నాను. మీరు గడ్డి కోయరు, కట్టె కొట్టరు, తేనె దించరు. మరి కొండ ఎందుకు ఎక్కుతారు? కోడల్ని అడిగితే తనకీ తెలియదంది.

చీపుళ్ళ పెద్దమ్మ చెప్పగా కోడలు రాసింది.


కళ్ళజోళ్ళ షాపు, గడియారాలు బాగుచేసే చోటికి పై అంతస్తు
సెప్టెంబరు పదకొండు

గౌరవనీయులైన పెద్దమ్మగారికి నమస్కారాలు.

నేను సంఘం కార్యదర్శిని. కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళు ఇవ్వడం నా వృత్తి. మీరు శ్రమపడి రాయించినందుకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

మార్గం మేము ఆషామాషీగా నిర్ణయించలేదు. అడవి శాఖవారు ఆ కొండని ఈ మధ్యే నడకకి తెరిచారు. ఏభై ఏళ్ళ నాటి సర్వే పటం, దానితో వచ్చిన చిన్న పుస్తకం మా దగ్గర ఉన్నాయి. పటంలో 'దొంగదారి' అని స్పష్టంగా ఉంది. పుస్తకంలో దాని వివరణ ఇది: "పూర్వం దొంగలు కోటలోని ఖజానా కొల్లగొట్టడానికి వాడిన రహస్యమార్గం." నేను స్వయంగా వెళ్ళి చూశాను. మెట్లు చక్కగా చెక్కి ఉన్నాయి. మా షాపు మెట్లు అంత బాగుంటే సగం మంది ముసలివాళ్ళు నన్ను తిట్టకుండా పైకి వచ్చేవారు.

పిల్లలకి అసలు ఆకర్షణే ఆ దారి. దొంగలు ఎక్కిన దారిన ఎక్కుతామని ఇప్పటినుంచే సంబరపడుతున్నారు. పదేళ్ళ మా అమ్మాయి ముఖానికి కట్టుకోవడానికి నల్లగుడ్డ కూడా కుట్టించుకుంది. దొంగలు ఎక్కగలిగిన దారి మనం ఎక్కలేమా? మీరు నిశ్చింతగా ఉండండి.

ఎందుకు ఎక్కుతారని అడిగారు. మూడు రోజులు ఆలోచించాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం కళ్ళలోకి జానెడు దూరం నుంచి చూస్తూ ఉంటాను. వారానికి ఒకసారైనా దూరంగా చూడాలనిపిస్తుంది. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మీకూ రావాలని ఉందేమో అనిపించింది. అరవై దాటినవారిని తీసుకెళ్ళకూడదని మా నియమం. క్షమించాలి. కొండ మొదట్లో మాత్రం కూర్చోవద్దు, నవంబరులో చలి ఎక్కువ.

ఇట్లు,
కార్యదర్శి


రేకుల వరస, నాలుగో ఇల్లు
సెప్టెంబరు పద్దెనిమిది

కళ్ళజోళ్ళ నాయనా,

నీ ఉత్తరం కోడలు రెండుసార్లు చదివింది. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా వచ్చింది.

దొంగదారి అంటే దొంగలు ఎక్కిన దారా? మరి దొంగనిద్ర అంటే దొంగలు పోయే నిద్రా? దొంగఏడుపు దొంగలు ఏడ్చేదా? దొంగనోటు దొంగ జేబులో ఉన్న నోటా? నా కొడుకు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి దొంగదగ్గు దగ్గేవాడు. వాడు దొంగ కాదు, ఆ దగ్గు దొంగది. ఆ దారీ అంతే. దారి కానిది దారిలా నటిస్తుంది.

కోట కట్టినవాళ్ళు దాన్ని శత్రువుల కోసం చెక్కించారు. చీకట్లో తడుముకుంటూ వచ్చేవాడి కాలికి నున్నటి మెట్టు తగిలితే ఏమనుకుంటాడు? హమ్మయ్య, దొరికింది అనుకుంటాడు. ఎక్కుతాడు. చివరి మెట్టు తర్వాత తీగలు. తీగల తర్వాత గాలి. మా అత్త నాకు చెప్పింది, ఆవిడకి వాళ్ళ అత్త చెప్పింది. అసలు దారికి ఒక్క మెట్టు కూడా లేదు. ఎందుకుంటుంది? ఇంట్లోవాళ్ళకి ఇంటిదారి ఎవరైనా చూపించాలా?

స్వయంగా చూశానన్నావు. ఎన్నో మెట్టు దాకా చూశావు? చివరి మెట్టు ఎక్కి అవతలికి అడుగేశావా? వేసి ఉంటే నాకు ఉత్తరం ఎవరు రాశారు?

మెట్లు ఐదు ఇరవైల మీద పన్నెండు. వెళ్ళి లెక్కపెట్టుకో. ఆ ఆఖరి దాని మీద మాత్రం కాలు పెట్టకు.

అరవై దాటినవాళ్ళని తీసుకెళ్ళరా? నేను వస్తానని అడిగానా? రాయవే కోడలా, అడగలేదని రాయి.

(అడగలేదు. కానీ మా ఆయన పాత బూట్లు మంచం కింద నుంచి తీయించి, కాలికి సరిపోతాయేమో చూసుకుంది. - కోడలు)

అంతమందికి కళ్ళజోళ్ళు ఇస్తావు కదా, ఒకటి నువ్వూ పెట్టుకో.

పెద్దమ్మ


కళ్ళజోళ్ళ షాపు
అక్టోబరు రెండు

పెద్దమ్మగారికి,

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. స్వయంగా చూశానన్నది అబద్ధం కాదు గానీ, చూసింది అరవై మూడో మెట్టు దాకానే. వాన మొదలైంది, దిగిపోయాను. మిగతా మెట్లు కింద నుంచి కనిపిస్తున్నాయి కదా, పైదాకా ఉంటాయిలే అనుకున్నాను. కాగితం మీద 'పరిశీలించిన మార్గం' అని వేయించింది కూడా నేనే.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. మా ఆవిడ తోడు వచ్చింది. నా నడుముకి తాడు కట్టి, రెండో కొస చెట్టుకి కట్టాం. చెట్టు మీద నమ్మకం చాలక మధ్యలో ఆవిడ కూడా పట్టుకుంది. లెక్కపెట్టుకుంటూ ఎక్కి నూట పదకొండో మెట్టు మీద ఆగాను. నూట పన్నెండో మెట్టు అన్నిటికంటే వెడల్పు, ఇంటి ముందు అరుగులా ఉంది. దాని ముందు తీగలు, గుమ్మానికి తెర కట్టినట్టు. తెర వెనక వెలుతురు. చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? తెర తప్పించి లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. మీరు అంత చెప్పాక కూడా నాకు అనిపించింది, పెద్దమ్మగారూ. చేతికర్రతో తీగల్ని నెట్టాను. కర్రకి ఏమీ తగల్లేదు. పట్టు తప్పి అటే పోయింది. చప్పుడు వస్తుందని చెవి రిక్కించాను. రాలేదు.

ఆ దారిన అందరికంటే ముందు తానే నడుస్తానని మా అమ్మాయి పేరిచ్చి ఉంది.

ఇంటికొచ్చి సర్వే పుస్తకం మళ్ళీ తీశాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే. దొంగదారి వివరణ కింద, చీమల్లాంటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "గడ్డిమోపుతో దిగుతున్న ఒక స్త్రీ ఈ పేరు చెప్పింది." అంతే. ఆవిడ ఎవరై ఉంటారు? మీకు తెలిసిన మనిషేనా?

ఇంకొకటి కూడా తొలుస్తోంది. అత్తగారు చెబితే మెట్ల లెక్క గుర్తుండవచ్చు. కానీ ఆఖరి దాని మీద కాలు పెట్టకు అన్నారే, అది విని చెప్పిన మాటలా లేదు.

అసలు దారి మీరు చూపిస్తే అటు వెళ్తాం. లేకపోతే నడక మానేస్తాం. ఏదైనా మీ మాట మీదే.

కళ్ళజోళ్ళ షాపు మనిషి


రేకుల వరస, నాలుగో ఇల్లు
అక్టోబరు తొమ్మిది

నాయనా,

కర్ర పోయినందుకు సంతోషం, మనిషి మిగిలాడు. మీ ఆవిడకి నా దీవెనలు చెప్పు. చెట్టు కంటే గట్టిదని కూడా చెప్పు.

నీ ఉత్తరం విన్నాక రెండు రోజులు చీపుళ్ళే కట్టాను. కోడలు పెన్ను పట్టుకుని కూర్చోవడం, నా మొహం చూడటం, లేచిపోవడం. ఇప్పుడు చెబుతున్నాను.

పదిహేడేళ్ళకి ఈ ఇంటికి వచ్చాను. వచ్చిన ఏడాదే మా తోటికోడలితో గడ్డికి కొండెక్కాను. మా బావగారి భార్య, నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆ చివరి మెట్టు ముందు తీగల్లో గడ్డి వేలాడుతోంది, మూరెడు కాదు, బారెడు. కొత్త కోడల్ని కదా, పెద్ద మోపు దించి అత్త దగ్గర మార్కులు కొట్టేద్దామని ఆ మెట్టెక్కి చెయ్యి చాచాను. అక్క నా జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది. నేను వెనక్కి పడ్డాను, కొడవలి ముందుకి పడింది. అదీ చప్పుడు చెయ్యలేదు. నీ కర్ర పక్కనే ఎక్కడో ఉంటుంది. అక్క నన్ను రెండు దెబ్బలు వేసి, "ఇది దొంగదారే పిచ్చిమొహమా" అంది. అది ఒకటి.

రెండోది. ఆ గడ్డిమోపు మనిషి నేనే.

ఏభై ఏళ్ళ కిందట గొలుసులూ, మూడుకాళ్ళ పీట మీద దుర్భిణీ పట్టుకుని నలుగురు వచ్చారు. నా నెత్తి మీద మోపు, మెడ విరిగిపోతోంది. ఒకడు అడ్డమొచ్చి "ఇదేం దారి?" అన్నాడు. "దొంగదారి" అన్నాను. అంటే ఏమిటని వాడు అడగలేదు, నేనూ ఆగి చెప్పలేదు. ఆగాలంటే మోపు దించాలి. దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు లేరు. వాడు రాసుకున్నాడు. ఏం రాసుకున్నావో చదువు నాయనా అనాలని నాకు తోచలేదు.

ఈ లోకంలో అచ్చయిన నా మాట అదొక్కటే. అది తొమ్మిది మంది పిల్లల్ని పట్టుకెళ్ళి గాల్లో వదలబోయింది. మీ కాగితం విన్నప్పుడే నాకు తెలిసిపోయింది, ఇది నా నోట్లోంచి ఊడిపడ్డదే అని. నేను అరిచిన అరుపులు నీ మీద కావు.

సగం చెప్పి సగం దాచడం ఎందుకు, మూడోది కూడా చెప్పేస్తాను. అసలు దారి నాకు సగమే తెలుసు. రెండో కోట వెనక గోడ పక్క నుంచి వట్టి బండ మీద మేకలు నడిచే జాడన పోవాలి. ఆ తర్వాత అత్తబండ వస్తుంది. నడుం వంచితే గానీ కిందనుంచి పోనివ్వదు, అందుకే ఆ పేరు.

(ఇక్కడ ఆవిడ నన్ను చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను, నిటారుగా కూర్చునే. - కోడలు)

అత్తబండ అవతలికి నేను ఏనాడూ పోలేదు. మూడో కోట చూడలేదు. "అక్కడ గడ్డి పరక లేదే, అంతా రాళ్ళు. నువ్వు ఇక్కడే కోసుకో, నేనలా చూసొస్తా" అనేది అక్క. ఆవిడ వెళ్ళేది, నేను ఇవతలే కోసుకునేదాన్ని. దిగేటప్పుడు చూస్తే ఆవిడ మోపే పొడుగ్గా ఉండేది. చెయ్యి తిరిగిన మనిషి కదా అనుకునేదాన్ని. నలభై ఏళ్ళు ఎక్కాను, కొడవలి లేకుండా ఒక్కసారీ ఎక్కలేదు. పనేమీ లేకుండా ఎక్కితే ఆ కొండ ఎలా ఉంటుందో, అత్తబండ అవతల ఏముందో చూడాలని ఉంది.

రాయవే కోడలా. ఈసారి అడిగిందని రాయి.

పెద్దమ్మ


కళ్ళజోళ్ళ షాపు
అక్టోబరు ఇరవై

పెద్దమ్మా,

సంఘం సమావేశమైంది. నియమం నియమమే అని ఒకాయన పట్టుపట్టాడు. "నియమం మనం తీసుకెళ్ళేవాళ్ళకి. ఆవిడ మనల్ని తీసుకెళ్తుంది. దానికి నియమం రాసుకోలేదు కదా" అన్నాను. ఆయన నియమావళి తిరగేసి, లేదని ఒప్పుకున్నాడు. కొత్త కాగితం అచ్చుకిచ్చాం, మీ కోడలి షాపుకే. మేకజాడ, అత్తబండ, మూడో కోట. జాబితాలో మొదట మీరు, తర్వాత మీ కోడలు.

అత్తబండ అవతల సంగతి మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనిదాన్ని చూశానని ఇంకోసారి అచ్చు వేయించలేను. కాబట్టి ముందుగా గురువారం మీరు, మీ కోడలు, నేను, మా ఆవిడ వెళ్ళి చూసొద్దాం. తాడు తెస్తాను. బూట్లు సరిపోకపోతే పాదం కొలత పంపండి.

మా అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. దొంగ అంటే ఇక్కడ దొంగ కాదు, ఉత్తుత్తిది అని. నల్లగుడ్డ ముఖానికి కట్టుకుని అద్దంలో చూసుకుని, "అయితే నాన్నా, నేను దొంగదొంగనా?" అంది. నాకంటే దానికి తొందరగా ఎక్కింది.

సర్వే ఆఫీసుకి రాశాను. పటం మీద తప్పు సరిదిద్దాలంటే, ఆ చోటు తెలిసిన మనిషి వాంగ్మూలం కావాలట, వేలిముద్ర, ఇద్దరు సాక్షులతో. కొత్త పేరు కూడా మీరే చెప్పాలి. తప్పుదారి అందామా, మోసపుదారి అందామా? మా ఆవిడ మాయదారి అంటే బాగుంటుంది అంటోంది.

గురువారం ఏడింటికి డిపో ముందు ఉంటాం.


రేకుల వరస, నాలుగో ఇల్లు
నవంబరు ఇరవై

సర్వే ఆఫీసువారికి, కళ్ళజోళ్ళ నాయన చేతిమీదుగా,

నేను చీపుళ్ళ పెద్దమ్మని. వయసు డెబ్భై నాలుగు. ఇంట్లో కొడుకు, కోడలు, నేను. నాకు చదువు రాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మీ పటంలో దొంగదారి అన్నచోట దొంగలు ఎవరూ ఎక్కలేదు. అది మోసం చెయ్యడానికి చెక్కిన మెట్లవరస. మెట్లు ఐదు ఇరవైల మీద పన్నెండు, ఆ తర్వాత లోయ. అందులో నా కొడవలి ఒకటి, కళ్ళజోళ్ళ నాయన కర్ర ఒకటి ఉన్నాయి. మనుషులు ఎందరున్నారో నాకు తెలియదు. దొంగదారి అన్న మాట మీ మనిషికి చెప్పింది నేనే. అర్థం చెప్పకుండా పోవడం నా తప్పు. అడగకపోవడం మీవాడి తప్పు. చెరిసగం.

అసలు దారి రెండో కోట వెనక నుంచి అత్తబండ కిందుగా పోతుంది. గురువారం నలుగురం వెళ్ళి చూశాం. తర్వాత శనాదివారాల్లో సంఘంవాళ్ళు ముప్పై ఎనిమిది మంది, కోడలూ నేనూ వెళ్ళాం. రెండు ఇరవైల మందిమి ఎక్కాం, రెండు ఇరవైల మందిమి దిగాం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నేనే లెక్కపెట్టాను.

ఇక అవతల ఏముందో చెప్పాలి. మీ పటానికి అక్కర్లేకపోయినా నా వాంగ్మూలానికి కావాలి.

గురువారం అత్తబండ కింద నేను వంగాను, నా వెనక కోడలు వంగింది, నా బూటు లేసు ఊడితే అక్కడే కట్టింది. అవతల లేచి నిలబడితే మూడో కోట గోడ. గోడ లోపల అంతా గడ్డి. రాయి కనపడలేదు. నా రొమ్ముల దాకా వచ్చింది. చీపురుకి అంత మంచి గడ్డి నలభై ఏళ్ళలో నా చేతికి రాలేదు. గుమ్మం రాతి మీద కొడవలి నూరగా నూరగా పడిన గాడి ఉంది, వేలు పెడితే సగం దిగింది. గాడి ఎడమకి వాలి ఉంది. మా గడ్డివాళ్ళలో ఎడమచేతి మనిషి అక్క ఒక్కతే.

అంటే అక్క నాకు దొంగమాట చెప్పింది. నన్ను జడపట్టి ఇవతలకి లాగిన మనిషే చెప్పింది. మంచి గడ్డి తానే కోసుకోవాలని చెప్పిందా, ఒకసారి జారబోయిన పిల్ల ఆ బండ మీద మళ్ళీ జారుతుందని చెప్పిందా? ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ గుమ్మం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. తిట్టాను. నవ్వాను. తేల్చలేకపోయాను. కోడలు పక్కన కూర్చుంది గానీ, తానూ ఏమీ తేల్చలేదు.

ఆదివారం పొద్దున్న ముఖానికి నల్లగుడ్డ కట్టుకున్న పిల్ల వచ్చి, "ఇంత గడ్డి ఉంది కదా, కోసుకోవా?" అంది. "ఈరోజు చూడటానికి వచ్చానే" అన్నాను. అప్పుడే ఎండ గడ్డి మీదికి వచ్చింది. ఎందుకు ఎక్కుతారని నేను అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను.

పేర్ల సంగతి. మాయదారి వద్దు, అది పోయిన మా ఆయన్ని నేను తిట్టే మాట. దొంగదారికి ఆ పేరే ఉంచండి, అది సరైన పేరే. కింద పెద్ద అక్షరాలతో "ఇది దారి కాదు" అని రాయండి. అసలు దారికి పేరు లేదు కాబట్టి నేను పెడుతున్నాను: తోటికోడలి దారి. ఇది నా కోరిక, దీన్ని మార్చకూడదు.

ఈ కాగితం కోడలి చేత రెండుసార్లు, కళ్ళజోళ్ళ నాయన చేత ఒకసారి చదివించుకున్నాను. మూడుసార్లూ విన్నది ఒకటే. రాసింది నా మాటే.

తోటికోడలి దారి అంటే ఏమిటని రేపు ఎవరికైనా అనుమానం వస్తే, మీకు తోచింది రాసుకోవద్దు. నా దగ్గరకి పంపండి. మోపు దించి చెబుతాను.

చీపుళ్ళ పెద్దమ్మ వేలిముద్ర (వేలి మీద అడ్డగీత సిరా మరక కాదు, కొడవలి గాటు)

సాక్షులు:
కోడలు, జిరాక్స్ షాపు
కళ్ళజోళ్ళ షాపు మనిషి
దొంగదొంగ, వయసు పది (సాక్షులు ఇద్దరు చాలన్నా వినలేదు)